ఒకే గది, రెండు రాత్రులు, రెండు పన్నులు

మొన్నీమధ్య నేనూ, విజయవాడ నుంచి వచ్చిన మా బావా చెన్నైలో ఒక పాత హోటల్లో రెండు రాత్రులు దిగాం. బర్మా టేకు దూలాలు, మద్రాసు టెర్రస్ కప్పు, కాలు పెడితే కిర్రుమనే చెక్క మెట్లు. ఆదివారం పొద్దున ఖాళీ చేస్తుంటే బావ బిల్లు పట్టుకుని కౌంటర్ దగ్గర ఆగిపోయాడు.

శుక్రవారం అద్దె 7,200 రూపాయలు, పన్ను 360. శనివారం అద్దె 7,900, పన్ను 1,422.

"ఏదో తప్పు పడ్డట్టుందమ్మా, ఒకసారి చూడు" అన్నాడు.

కౌంటర్లో ఉన్నది నెల్లూరు అమ్మాయి. ఈ ప్రశ్న ఆమెకి కొత్త కాదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. "తప్పు కాదు సార్. శనివారం రేటు 7,500 దాటింది. దాటితే 18 శాతం."

"గది అదే కదా?"

"గది అదే సార్. రేటు వేరే."

ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. అద్దెలో తేడా 700 అయితే పన్నులో తేడా 1,062. అద్దె కంటే పన్నే ఎక్కువ పెరిగింది. ఇలా ఎందుకు జరుగుతుందో బావకి దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాను. అదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

2025 సెప్టెంబరు 22 నుంచి మన దేశంలో హోటల్ గది మీద జీఎస్టీకి ఉన్న గీత ఒక్కటే. గది అద్దె రోజుకి 7,500 రూపాయల దాకా ఉంటే 5 శాతం, దాటితే 18 శాతం. మనిషికి ఇంత అని కాదు, గదికి, రోజుకి. కాబట్టి ఏ రాత్రి లెక్క ఆ రాత్రిదే.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, దీన్ని ఆదాయపు పన్ను శ్లాబులా ఊహించుకోవడంలో. ఆదాయపు పన్నులో గీత దాటిన భాగం మీదే ఎక్కువ రేటు పడుతుంది. ఇక్కడ గీత దాటితే మొత్తం మీద పడుతుంది. 7,500 గదికి పన్నుతో కలిపి 7,875 అవుతుంది. 7,501 అయితే 8,851. హోటల్ వాడు ఒక్క రూపాయి పెంచితే మన జేబులోంచి 976 రూపాయలు ఎక్కువ పోతాయి. మెట్టు కాదిది, గోడ. యాప్‌లలో 7,499 రేటు అంత తరచుగా కనిపించడానికి బాటా చెప్పుల అలవాటు ఒక్కటే కారణం కాదు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి మరొకటుంది. ఈ గీతకి హోటల్ వయసు తెలియదు, దాని నక్షత్రాలు తెలియవు. పర్యాటక శాఖ దగ్గర హెరిటేజ్ హోటళ్లని ఒక వర్గం ఉంది. 1950కి ముందు కట్టిన కోటలు, రాజభవనాలు, హవేలీలు హోటళ్లుగా మారితే ఆ గుర్తింపు ఇస్తారు. ఆ పలక గోడకి తగిలించుకోవచ్చు గానీ పన్ను లెక్కలో దానికి విలువ లేదు. హైదరాబాదులో వికారుల్ ఉమ్రా కట్టించిన, తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లిన ఫలక్‌నుమా 2010 నుంచి హోటల్‌గా నడుస్తోంది. ముంబైలో 1903లో తెరిచిన తాజ్‌మహల్ హోటల్, గేట్‌వే ఆఫ్ ఇండియా కంటే వయసులో పెద్దది. వాటిలో గదికి ఏ రేటో, నిరుడు గాజు అద్దాలతో లేచిన ఎయిర్‌పోర్టు హోటల్లో 8,000 గదికీ అదే రేటు: 18.

ఈ 7,500 ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అంతకు ముందు ఒక చిన్న పిట్టకథ. తెలుగులో 'హోటల్' అంటే మనకి మొదట గుర్తొచ్చేది ఇడ్లీ, దోసె. పడుకోవడానికైతే 'లాడ్జి'. ఇంకా ముందు తరంలో సత్రం. సత్రంలో పడకకి డబ్బు పుచ్చుకోవడమే తప్పుగా చూసేవాళ్లు, ఇక పన్ను ఊసెక్కడిది? పడక మీద పన్ను రావాలంటే ముందు ఆ పడకని ఎవరో ఒకరు 'విలాసం' అని పిలవాలి. మన చట్టాలు చేసింది సరిగ్గా అదే.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో 62వ అంశం విలాసాల మీద పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకి ఇచ్చింది. దాని ఆధారంగా గుజరాత్, తమిళనాడు, కర్ణాటక, పశ్చిమ బెంగాల్ లాంటి రాష్ట్రాలు హోటల్ గదుల మీద లగ్జరీ టాక్స్ మొదలుపెట్టాయి. హోటళ్ల వాళ్లు కోర్టుకెక్కారు. 1989లో ఎక్స్‌ప్రెస్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాల పక్షాన నిలబడింది. విలాసం అంటే చేత్తో పట్టుకోగలిగే వస్తువే కానక్కర్లేదు, గదిలో దొరికే సుఖం కూడా విలాసమే అంది.

ఆ తలుపు తెరుచుకున్నాక రాష్ట్రాలు దాన్ని ఇంకా బార్లా తెరవబోయాయి. విలాసాల పన్ను పేరుతో సిగరెట్లు, పొగాకు మీద కూడా వసూలు చేశాయి. అందులో మన ఆంధ్రప్రదేశ్ 1987 నాటి చట్టం కూడా ఉంది. 2005లో గాడ్‌ఫ్రే ఫిలిప్స్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్, ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ చట్టాలకి అడ్డం పడింది. 62వ అంశం కింద విలాసమంటే అనుభవించే సుఖం, అంతేగానీ వస్తువు కాదు అని తేల్చింది. ఒక కేసులో వస్తువే కానక్కర్లేదన్నారు, మరో కేసులో వస్తువు కానే కాదన్నారు. హోటల్ గది మాత్రం రెండింటిలోనూ దొరికిపోయింది.

కేంద్రం ఊరుకుందా? 1987లో వ్యయ పన్ను చట్టం తెచ్చింది. రోజుకి 400 రూపాయలు, ఆపైన అద్దె ఉన్న హోటళ్లలో చేసే ఖర్చు మీద 10 శాతం. నాలుగు వందల గది విలాసమన్నమాట ఆ రోజుల్లో. 2003లో దాన్ని ఎత్తేశారు. 2011 మేలో 1,000 రూపాయలు దాటిన గదుల మీద సర్వీస్ టాక్స్ వచ్చింది. చివరికొచ్చేసరికి అద్దెలో 60 శాతం భాగం మీద 15 శాతం, అంటే నికరంగా 9 శాతం పడేది. రాష్ట్రం లగ్జరీ టాక్స్ దానికి అదనం. గదిలోకి తెప్పించుకున్న భోజనం మీద వ్యాట్ వేరే. పాత హోటల్ బిల్లులు ఎవరైనా దాచుకుని ఉంటే తీసి చూడండి, కింద పన్నుల వరసలు పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లలా ఉంటాయి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చి ఇవన్నీ ఒకటయ్యాయి. ఒకటయ్యాయన్న మాటే గానీ రేట్లు నాలుగు. వెయ్యి లోపు సున్నా, 2,500 లోపు 12, 7,500 లోపు 18, ఆపైన 28 శాతం. నిజానికి మొదట 28 శాతం గీత 5,000 దగ్గర గీశారు. గగ్గోలు పుట్టాక, అమలుకి రెండు వారాల ముందు జరిగిన సమావేశంలో దాన్ని 7,500కి జరిపారు. ఇవాళ మనల్ని తిప్పలు పెడుతున్న అంకె పుట్టుక అదీ. ఏ శాస్త్రమూ కాదు, బేరం.

ఆ తొలి ఏడాది పద్ధతి ఇంకా విడ్డూరం. మనం కట్టిన అద్దెని బట్టి కాక, హోటల్ ప్రకటించిన అద్దెని బట్టి రేటు నిర్ణయమయ్యేది. అంటే గోడ మీద 8,000 అని రాసి, సీజన్ కాదని మీకు 5,500కి ఇచ్చినా 28 శాతమే. డిస్కౌంటు గదికి వర్తించేది, పన్ను శ్లాబుకి వర్తించేది కాదు. 2018 జులైలో దాన్ని సరిచేశారు. మీరు నిజంగా కట్టే సొమ్మే లెక్క అన్నారు. 2019 అక్టోబరు 1 నుంచి 28 శాతం పోయి గీత పైన ఉన్నవాళ్లకి 18, కింద వాళ్లకి 12 అయింది. 2022 జులై 18న వెయ్యి లోపు మినహాయింపు తీసేశారు. ఇప్పుడు 12 పోయి 5 వచ్చింది. ఎనిమిదేళ్లలో రేట్లన్నీ తిరగబడ్డాయి గానీ 7,500 మాత్రం ఉన్నచోటే ఉంది. ఈలోగా అద్దెలు ఎక్కడికి పోయాయో ప్రయాణాలు చేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చట్టంలోంచి 'విలాసం' అనే మాట పోయింది, దాని పని మాత్రం ఈ పాత అంకె చేస్తోంది.

సరే, 12 నుంచి 5కి తగ్గింది కదా, మనకి లాభమే కదా అంటే, అతిథికి లాభమే. కానీ అందులో ఒక మెలిక ఉంది. పాత హోటళ్లకి అసలు దెబ్బ తగిలేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

హోటల్ వాడు మన దగ్గర పన్ను వసూలు చేస్తాడు. తనూ సరుకులకి, సేవలకి పన్ను కడతాడు: లాండ్రీకి, లిఫ్టు నిర్వహణకి, యాప్ కమీషన్‌కి. మామూలుగా తను కట్టినది మినహాయించుకుని మిగతాది ప్రభుత్వానికి జమ చేస్తాడు. దీన్నే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. 18 శాతం గదికి ఈ వెసులుబాటు ఉంది. 5 శాతం గదికి లేదు.

6,000 రూపాయల గది తీసుకోండి. యాప్‌కి 15 శాతం కమీషన్ అనుకుందాం, అంటే 900. దాని మీద 18 శాతం చొప్పున 162 రూపాయల జీఎస్టీ. ఇదివరకు హోటల్ మన దగ్గర 720 వసూలు చేసి, అందులో ఈ 162 తగ్గించుకునేది. ఇప్పుడు 300 వసూలు చేసి 300 కట్టేయాలి. 162 నష్టానికే రాసుకోవాలి. మనకి 420 తగ్గింది, హోటల్‌కి ఒక్క కమీషన్ పద్దులోనే 162 పెరిగింది. ఆ పెరిగింది ఏదో ఒక రోజు అద్దెలోకి ఎక్కక తప్పదు.

కొత్త కట్టడమైతే ఇది ఓర్చుకోగల నష్టం. మేం దిగిన లాంటి భవనంలో ఏటా కప్పు కారుతుంది, సున్నం పూత ఊడుతుంది, టేకు కిటికీకి చెద పడుతుంది. ఆ పనులు తెలిసిన మేస్త్రీలు తక్కువ, వాళ్ల రేట్లు ఎక్కువ. కాంట్రాక్టరు బిల్లు మీద 18 శాతం పన్ను. గది 7,500 లోపుదైతే అందులో పైసా తిరిగి రాదు. పైన ఉన్నవాడికి మాత్రం మామూలు మరమ్మతుల ఖర్చు మీద క్రెడిట్ వస్తుంది. అయితే పెద్ద పునరుద్ధరణ చేసి, ఆ ఖర్చుని భవనం విలువలో కలిపి చూపిస్తే జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ వాళ్లకీ అడ్డం పడుతుంది. కట్టడాల మీద క్రెడిట్ లేదంటుంది ఆ సెక్షన్. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు సఫారీ రిట్రీట్స్ కేసులో, అద్దెకి ఇచ్చే భవనాల విషయంలో చిన్న కిటికీ తెరిచింది. 2025 బడ్జెట్ చట్టంలో ఒక్క మాట మార్చి, అదీ వెనకటి తేదీ నుంచి, ఆ కిటికీ మూసేశారు. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో అన్యాయమనిపించేది ఇదే. కోట్లు పెట్టి రాజభవనం నడిపే సంస్థ తట్టుకుంటుంది. తాతల నాటి బంగళాలో పది గదులు పెట్టుకుని ఐదారు వేలకి ఇచ్చే పాండిచ్చేరి, ఫోర్ట్ కొచ్చి యజమానే నలిగిపోతాడు.

ఇక బావ రెండో ప్రశ్న. "మా కంపెనీ జీఎస్టీ నంబరు వేయించా కదా, క్రెడిట్ వస్తుందిగా?"

రాదు. బిల్లులో పన్ను ఎప్పుడూ సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. ఏ రాష్ట్రానికంటే, భవనం ఉన్న రాష్ట్రానికి. అతిథి ఎక్కడివాడైనా సరే. బావ కంపెనీ రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, పన్ను తమిళనాడులో కట్టాడు. తమిళనాడు పన్నుని విజయవాడ ఖాతాలో చూపించడం కుదరదు. రాష్ట్రం విడిపోయింది కాబట్టి హైదరాబాదుకి వారానికోసారి తిరిగే విజయవాడ, గుంటూరు వ్యాపారులందరికీ ఇదే సమస్య. చార్మినార్ పక్కన పడుకున్నా, చెన్నై మెరీనా పక్కన పడుకున్నా ఆ సొమ్ము పోయినట్టే. ఆ రాష్ట్రంలో కూడా రిజిస్ట్రేషన్ ఉంటే తప్ప.

అన్నట్టు ఆ రాష్ట్ర వాటా చేరేది రాష్ట్ర ఖజానాకే, ఊరికి కాదు. జీఎస్టీ కోసం చేసిన 101వ రాజ్యాంగ సవరణలో 62వ అంశాన్ని తిరగరాసి 'విలాసాలు' అనే మాటే తీసేశారు. వినోదం మీద పన్ను వేసే అధికారం మాత్రం పంచాయతీలకి, మునిసిపాలిటీలకి మిగిల్చారు. సినిమా టికెట్ మీద ఊరు పన్ను వేసుకోవచ్చు, హోటల్ గది మీద కుదరదు. పాతబస్తీ చూడ్డానికి వచ్చినవాడు గది తీసుకుంటే జీహెచ్ఎంసీకి దక్కేది ఆ భవనం ఆస్తిపన్ను లాంటివే. అతిథి కట్టిన పన్నులోంచి నేరుగా రూపాయి రాదు.

బయటి దేశాల్లో చాలాచోట్ల దీనికి విరుద్ధం. పడక మీద పన్ను అంటే అక్కడ ప్రధానంగా ఊరి పన్నే. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి గది ధర మీద 12.5 శాతం నగరానికే. న్యూయార్క్‌లో అమ్మకపు పన్ను, నగరపు హోటల్ పన్ను కలిపి 14.75 శాతం, పైన రాత్రికి మూడున్నర డాలర్లు. 200 డాలర్ల గదికి 33 డాలర్లన్నమాట. మనవాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్ సంగతి నాకు ఇంకా ఆసక్తి. రాష్ట్రానికి 6 శాతం, ఊరికి సాధారణంగా 7 శాతం దాకా. ఊరు ఆ సొమ్ముని ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టకూడదు. పర్యాటకులని తెచ్చే పనులకే వాడాలి. ఆ పనుల జాబితాలో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఒకటి. శాన్ ఆంటోనియోలో అలమో అనే పాత కోట పక్కన 1859 నుంచి ఉన్న మెంగర్ హోటల్లోనో, ఆస్టిన్‌లో 1886 నాటి డ్రిస్కిల్ హోటల్లోనో మీరు పడుకుంటే, ఆ పన్నులో కొంత ఆ ఊళ్లోని పాత గోడలకి వెళ్లే దారి చట్టంలోనే ఉంది. అక్కడే ఇంకో వెసులుబాటు: వరసగా 30 రోజులు ఉండేవాళ్లకి ఈ పన్ను ఉండదు. కొత్తగా ఉద్యోగంలో చేరి డల్లాస్‌లో ఇల్లు దొరికేదాకా హోటల్లో గడిపే మన పిల్లలు, దిగినప్పుడే నెల రోజులుంటామని రాతపూర్వకంగా చెబితే మొదటి రోజు నుంచే తప్పించుకోవచ్చు.

మన దగ్గరా ఇలాంటిదొకటి ఉంది గానీ హోటళ్లకోసం కాదు. నెలకి మనిషికి 20,000 లోపు అద్దెతో, కనీసం 90 రోజులు వరసగా ఉంటే జీఎస్టీ లేదని 2024 జులైలో చేర్చారు. అమీర్‌పేట పీజీ హాస్టళ్లలో కోచింగ్ కోసం ఉండే పిల్లలకి పనికొచ్చేది ఇదే. మతపరమైన ప్రాంగణాల్లో ట్రస్టులు ఇచ్చే గదులకి రోజుకి వెయ్యి లోపైతే మినహాయింపు ముందు నుంచీ ఉంది. 2022లో అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం సరాయిల మీద రగడ అయినప్పుడు కేంద్రం ఇదే మాట మళ్లీ గుర్తుచేసింది. తిరుమలలో 50, 100 రూపాయల గదులు తీసుకునేవాళ్లకి ఈ టెన్షన్ లేదు.

చిన్న లాడ్జీల దగ్గర ఇంకో తమాషా చూడొచ్చు. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం ఉన్న లాడ్జికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బస్టాండ్ దిగి నేరుగా వెళ్లి 900 గది తీసుకుంటే 900 ఇస్తే సరి. అదే గదిని ఫోన్‌లో యాప్ ద్వారా బుక్ చేస్తే 45 రూపాయల పన్ను పడుతుంది, ఎందుకంటే అప్పుడు పన్ను కట్టాల్సిన బాధ్యత యాప్‌దని చట్టం చెబుతోంది. యాప్ వేసుకునే కన్వీనియన్స్ ఫీజు, దాని మీద 18 శాతం వేరే.

బిల్లు చూసేటప్పుడు ఇంకో రెండు మూడు గుర్తుంచుకోండి. సర్వీస్ చార్జ్ పన్ను కాదు. ఇష్టం లేకపోతే తీసేయమనొచ్చు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా రెస్టారెంట్లు దాన్ని తప్పనిసరి చేయడానికి వీల్లేదంది. ఇవ్వడానికి ఒప్పుకుంటే మాత్రం దాని మీదా జీఎస్టీ పడుతుంది. బుకింగ్ రద్దు చేసుకుంటే హోటల్ పట్టుకునే సొమ్ము మీద కూడా గదికి ఏ రేటో అదే రేటు. టిఫినుతో కలిపి ఒకే ధరగా ఇస్తుంటే జాగ్రత్త. 7,400 గదికి 400 టిఫిను కలిపి 7,800 ప్యాకేజీ చేస్తే గీత దాటి మొత్తం మీద 18 శాతం, అంటే 1,404. గదీ టిఫినూ విడివిడిగా తీసుకుంటే, టిఫినుకి 18 శాతం వేసినా మొత్తం పన్ను 442కి మించదు.

టిఫినుకి 18 ఎందుకంటారా? అదే ఆ రోజు మాకు చివరి పాఠం. మామూలు రెస్టారెంటులో 5 శాతమే. కానీ కిందటి ఆర్థిక సంవత్సరంలో హోటల్ ఒక్క గదినైనా 7,500 పైన అమ్మి ఉంటే, ఆ ప్రాంగణంలోని రెస్టారెంటు 18 శాతం వేయాలి. మీ గది 3,000దైనా సరే, అసలు గదే తీసుకోకుండా కాఫీకి వచ్చినా సరే. ఎవరో ఎప్పుడో ఏ పండగ రాత్రో ఖరీదైన గదిలో పడుకున్నందుకు, ఏడాది పొడుగునా అందరి కాఫీ మీదా ఆ పన్ను పడుతుంది.

బావ మెనూ తెరిచాడు. ఫిల్టర్ కాఫీ 250. పన్నుతో 295. మెనూ మూసి, "రోడ్డు దాటితే కొట్టు ఉంది, పద" అన్నాడు. నెల్లూరు అమ్మాయి నవ్వు ఆపుకుంటూ సామాను తన దగ్గర ఉంచమంది. వాళ్ల స్టాఫ్ కూడా అక్కడే తాగుతారట.